డీఎన్‌ఏ రిపోర్టు ఒక్కటే చాలదు, ఆర్‌ఎన్‌ఏనూ చూడాలి

సంపాదకులకు,

జన్యు పరీక్షలపై పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు డీఎన్‌ఏతో మొదలై నేరుగా ప్రొటీన్ దగ్గరికి వెళ్లిపోతాయి. ఆ రెండింటి మధ్య సమాచారాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏకు దక్కేది ఒక్క వాక్యం. అందువల్ల ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లం మారకపోతే ప్రమాదం లేదని, ఇంట్రాన్‌లో (జన్యువులో కత్తిరించి పారేసే మధ్య భాగంలో) వచ్చిన మార్పును వదిలేయవచ్చని చాలామంది నమ్ముతున్నారు. ఇది సరికాదు.

జన్యువులో సమాచారం ముక్కలు ముక్కలుగా ఉంటుందని ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు 1977లో అడినోవైరస్‌లో కనుగొన్నాయి. 1993లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కణం జన్యువు మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏగా రాసుకుంటూ, ఇంట్రాన్లను కత్తిరించి, మిగిలే భాగాలైన ఎక్సాన్లను అతికిస్తుంది. దీన్నే స్ప్లైసింగ్ అంటారు. కత్తిరించే చోటును చూపే గుర్తులు మరీ చిన్నవి: ఇంట్రాన్ మొదట్లో జీయూ అనే రెండు అక్షరాలు, చివర ఏజీ, ఆ చివరికి సాధారణంగా 18 నుంచి 40 అక్షరాల ముందు ఒక ఏ. ఇవి కాక ఎక్సాన్ల లోపల కూడా స్ప్లైసింగ్‌ను పెంచే, అణిచే వరుసలుంటాయి. అందుకే అమైనో ఆమ్లాన్ని మార్చని మార్పు కూడా స్ప్లైసింగ్‌ను దెబ్బతీయగలదు.

కండరాలు క్షీణించే జన్యువ్యాధి స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీనే చూడండి. ఎస్‌ఎమ్‌ఎన్1 జన్యువు దెబ్బతిన్నా, దాదాపు అదే వరుస ఉన్న ఎస్‌ఎమ్‌ఎన్2 రోగిలో మిగిలే ఉంటుంది. అయినా జబ్బు వస్తుంది. ఎస్‌ఎమ్‌ఎన్2 ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం సీకి బదులు టీ. దీంతో అమైనో ఆమ్లమేమీ మారదు. కానీ ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్లో 54 అక్షరాల ఆ ఎక్సాన్ మొత్తం జారిపోతుంది, తయారైన ప్రొటీన్ నిలబడదు. 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్ 18 అక్షరాల గొలుసు రూపంలోని మందు. ఏడో ఇంట్రాన్‌లో ఆ ఎక్సాన్‌ను అణిచే వరుసకు అది అతుక్కుని, ఎక్సాన్ మళ్లీ చేరేలా చేస్తుంది. డీఎన్‌ఏ జోలికే పోదు.

భారతీయుల్లో వంశపారంపర్య రక్తహీనత అయిన బీటా థలసేమియాకు ఎక్కువగా కారణమయ్యే మార్పు బీటా గ్లోబిన్ జన్యువు మొదటి ఇంట్రాన్ ఐదో అక్షరంలో ఉంది: జీ స్థానంలో సీ. జీయూ అలాగే ఉన్నా గుర్తు బలహీనపడి, ఆ చుట్టుపక్కల మామూలుగా వాడని చోట్ల కోత పడుతుంది.

అనుమానం ఉంటే ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ప్రతులు పెంచి చూసే పరీక్ష) చేయాలి. తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ తప్పుదారి పట్టించే చోట్లు చాలా ఉన్నాయి. రక్తాన్ని తీసిన వెంటనే ఆర్‌ఎన్‌ఏను నిలిపి ఉంచే ట్యూబులో కలపాలి. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏజ్ చేతి చర్మం మీదా ఉంటుంది, మరిగించినా పూర్తిగా చావదు. డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏజ్‌తో శుద్ధి చేయకపోతే మిగిలిన జన్యు డీఎన్‌ఏ వల్ల జెల్ మీద ఇంట్రాన్‌తో కూడిన బ్యాండ్ (గీత) వచ్చి, స్ప్లైసింగే ఆగిందనిపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్ (పోలిక నమూనా) తప్పనిసరి. ప్రైమర్లు (పీసీఆర్ ఏ భాగాన్ని పెంచాలో నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అనుమానించే ఎక్సాన్‌లో కాక దాని ఇరుపక్కల ఎక్సాన్లలో ఉండాలి. లోపలే పెడితే ఎక్సాన్ జారిపోయిన ప్రతి అసలు కనిపించదు. పొట్టి ముక్క పీసీఆర్‌లో త్వరగా పెరుగుతుంది కాబట్టి బ్యాండ్ మందాన్ని బట్టి శాతాలు రాయకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది మరొకటి. తప్పు స్ప్లైసింగ్ వల్ల ప్రొటీన్ తయారీని ఆపే స్టాప్ సంకేతం ముందే వచ్చి, అది చివరి ఎక్సాన్ అతుకుకు సుమారు 50–55 అక్షరాలకు మించి ముందుంటే, కణం సాధారణంగా ఆ ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసేస్తుంది. మిగిలేది రెండో జన్యు ప్రతి నుంచి వచ్చిన మంచి ఆర్‌ఎన్‌ఏ మాత్రమే. జెల్ మీద ఒకే చక్కటి బ్యాండ్ చూసి ‘నార్మల్’ అని రాసేస్తారు. అందుకే కణాలను పెంచి, కొన్ని గంటలు ఆ నాశనాన్ని అడ్డుకునే సైక్లోహెక్సిమైడ్ గానీ ప్యూరోమైసిన్ గానీ ఇచ్చి, ఇవ్వని కణాలతో పోల్చాలి. ఆ జన్యువు రక్తంలో పనిచేయకపోతే రక్తపరీక్ష వల్ల లాభమే లేదు. చర్మంలోని ఫైబ్రోబ్లాస్టు కణాలు తీసుకోవాలి, లేదా మినీజీన్ (అనుమానించే భాగాన్ని కణాల్లో పెట్టి పరీక్షించే చిన్న కృత్రిమ జన్యువు) కట్టాలి.

ఇలాంటి మార్పుల్లో అధిక భాగం నిజంగానే హాని చేయవు, కాబట్టి పాఠకులను భయపెట్టమని మేము కోరడం లేదు. రిపోర్టులో ‘సిననిమస్’ (అమైనో ఆమ్లాన్ని మార్చనిది), ‘ఇంట్రానిక్’ అని ఉండి, కుటుంబంలో జబ్బు లక్షణాలూ ఉంటే, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేశారా, ఏ కణాల్లో చేశారు అని జన్యు వైద్యుణ్ని అడగమని మీ ఆరోగ్య పేజీలో రాయండి.

– ఆర్‌ఎన్‌ఏ ప్రాసెసింగ్ పరిశోధకులు