యూదు ఆడవాళ్లకు విధులే లేవా?

సంపాదకులకు నమస్కారం.

యూదు మతంలో ఆడవాళ్లకు పూజా, ప్రార్థనా ఏమీ ఉండవని మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. నేను ఇజ్రాయెల్‌లో ఏడేళ్లు ఒక ముసలమ్మను చూసుకునే పని చేసి జడ్చర్లకు తిరిగొచ్చాను. ఆయన రాసింది సరికాదు.

దాదాపు 1800 ఏళ్ల నాటి మిష్నా అనే యూదుల మత నియమాల గ్రంథంలో ఉన్న సూత్రం ఇది. ఫలానా వేళకు చేయాలి అన్న విధులు మగవాళ్లకు తప్పనిసరి, ఆడవాళ్లకు మినహాయింపు. వేళతో పని లేనివి ఇద్దరికీ. 'చేయకూడదు' అన్నవి, ఒకటి రెండు తప్ప, వేళ ఉన్నా లేకున్నా ఇద్దరికీ. ముసలమ్మ కొడుకు పొద్దున్నే తలకూ చేతికీ తెఫిలిన్ అనే తోలు పెట్టెలు కట్టుకునేవాడు. ఆమె కట్టుకునేది కాదు.

కానీ ఈ సూత్రానికి ఎన్ని చిల్లులో! ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డందుకు చేసుకునే పస్కా పండుగ రాత్రి పులియని రొట్టె తినడానికి వేళ ఉంది, అయినా ఆడవాళ్లు తినాల్సిందే. యూదులను చంపించే కుట్ర నుంచి బయటపడ్డందుకు చేసుకునే పూరీమ్ పండుగ నాడు ఎస్తేరు రాణి కథ వినడమూ అంతే, ఆ అద్భుతంలో ఆడవాళ్లూ ఉన్నారు కదా అంటుంది తాల్ముద్ అనే, మిష్నా మీద చర్చల గ్రంథం. తోరా అనే వాళ్ల ధర్మశాస్త్రం చదువుకు మాత్రం వేళాపాళా లేదు, కానీ అది ఆడవాళ్ల బాధ్యత కాదన్నారు. ఇలాంటి సూత్రాలను పట్టుకుని తీర్పు చెప్పలేమని తాల్ముద్‌లోని రబ్బీ (మత గురువు) యోహానాన్ ఏనాడో అన్నాడు. ఇక శుక్రవారం పొద్దుగూకక ముందే దీపం వెలిగించడం ఆ ఇంట్లో ముసలమ్మ పనే. పొద్దుగూకితే సబ్బాతు అనే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఆ వేళ దాటితే అగ్గిపుల్ల ముట్టకూడదు. గడియారం చూసి గుర్తు చేసే టెన్షన్ మాత్రం నాది.

పిల్లలు, వంట ఉంటాయి కాబట్టి ఆడవాళ్లకు ఈ మినహాయింపు ఇచ్చారని చాలామంది అంటారు. మిష్నా అయితే కారణమే చెప్పలేదు. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో అబుదర్హామ్ అనే పండితుడు, మొగుడి ఆజ్ఞ, దేవుడి ఆజ్ఞ ఒకేసారి మీద పడితే ఆమె ఇరుకున పడుతుందని రాశాడు. నాకది మింగుడు పడలేదు. ముసలమ్మ మొగుడు పోయి అప్పటికే పదేళ్లు. మరి ఆమెకు ఎవరి ఆజ్ఞ అడ్డం?

మినహాయింపు అంటే చేయొద్దని కాదు. వాళ్ల కొత్త సంవత్సరం నాడు షోఫార్ అనే కొమ్ము బూర ఊదుతారు. వినడం ఆడవాళ్లకు తప్పనిసరి కాదు, కానీ చాలామంది తమంతట తామే పట్టుకున్నారు. మన దగ్గర బతుకమ్మ ఆడాలని ఏ శాస్త్రం రాసిందని? ముసలమ్మ గుడికి నడవలేకపోతే కొడుకే ఇంటికొచ్చి ఊదేవాడు. "నీకు లెక్కలో లేదంట కదమ్మా" అని ఒకసారి అడిగాను. "చిన్నప్పటి నుంచి వింటున్నా, నాది కాకుండా ఎట్లా పోతుంది?" అని కుర్చీలోంచి లేచి, నా చేయి పట్టుకుని నిలబడే వింది.

- ఒక పాఠకురాలు, జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా