బిల్లు ఉంది, పర్మిట్ లేదు: ఎక్సైజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి నమస్కారం సార్,

మా బావ మొన్న రిటైర్ అయిండు. ఊర్లోనే ఫంక్షన్ హాల్ బుక్ చేసి దావత్ పెట్టినం, ఏర్పాట్లన్నీ నా నెత్తి మీదనే. హాలోళ్లు కరెంటుకు వేరే, జనరేటర్ డీజిల్‌కు వేరే, ఎంగిలి విస్తర్లు ఎత్తడానికి వేరే అని అన్నీ రాయించుకున్నరు, మందు పోస్తే పర్మిట్ కావాలన్న ముక్క మాత్రం ఎవ్వరూ అనలే. వైన్స్‌ల కార్టన్లు ఎత్తించేటప్పుడు కౌంటర్ మీది పిల్లగాడు "ఫంక్షనా అన్నా, ఐస్ కూడా పంపాల్నా" అన్నడు, అంటే వానికి తెలుసు. వాడూ చెప్పలే.

రాత్రి తొమ్మిదిన్నరకు, సరిగ్గా మటన్ వడ్డించే టైంకు, ఎక్సైజోళ్లు దిగిండ్రు. ఒకాయన బాటిల్ తీసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకొని మూత మీద హోలోగ్రామ్ తిప్పి తిప్పి చూసిండు, అంతా ఇక్కడి సరుకే, టాక్స్ కట్టిందే, ఎన్‌డీపీఎల్, అంటే ఇక్కడ టాక్స్ కట్టని బయటి సరుకు, ఒక్క సీసా లేదు. నేను జేబులకెళ్లి బిల్లు తీసిన. "బిల్లు సరే, ఈవెంట్ పర్మిట్ ఏది?" కార్టన్లు జీపెక్కినయి. మా బావ మెడల శాలువా అట్లనే ఉంచుకొని చేతులు కట్టుకొని నిలబడ్డడు పాపం, ఆ ఫోటో ఇంకా మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల తిరుగుతనే ఉంది.

సార్, రూల్ తప్పని నేను అంటలేను. వందల మంది వచ్చే కాడ 21 ఏండ్లు నిండని పోరగాళ్లు గ్లాసు పట్టుకుంటరు, ఆ సందట్ల బయటి రాష్ట్రం సరుకు గూడ దిగుతది, ఎవరో ఒకరు జవాబుదారీ ఉండాలె. కానీ నేను అప్పటిదాకా అనుకున్నది ఏందంటే లైసెన్సు అమ్మేటోనికి గదా, వైన్స్‌కు ఏ4, బార్‌కు 2బీ, చుట్టాలకు ఊరికే పోసుకునే మనకెందుకని. ఒక్కరోజుకు కూడా పర్మిట్ ఉంటదని, పైసా తీసుకోకున్నా ఫంక్షన్ హాల్ల పోస్తే అది కావాలని జీపు వచ్చినంక తెలిసింది.

మా తమ్ముడు ఇంగ్లండ్‌ల ఉంటడు. అక్కడ ఉగాదికి కమ్యూనిటీ హాల్ తీసుకుంటే లెక్క సాఫ్ అట, ఫ్రీగ పోస్తే ఏ కాగితం అక్కర్లే, టికెట్ పైసల్ల ఒక్క గ్లాసు కలిపినా అది అమ్మినట్టే. అప్పుడు పది వర్కింగ్ డేస్ ముందు కౌన్సిల్‌కు నోటీస్ ఇచ్చి 21 పౌండ్లు కట్టాలె, హాల్ల 499 మందిని దాటొద్దు. అట్లనే చేయమని అంటలేను, మన దగ్గర గీత వేరే చోట ఉంది, ఉండనీయండి, కానీ ఆ గీత ఎక్కడుందో తెలుగుల రాసి ప్రతి వైన్స్ కౌంటర్ మీద, ప్రతి హాల్ బుకింగ్ టేబుల్ మీద ఒక బోర్డు పెట్టిస్తే పోయేదేముంది? కార్టన్ల లెక్కన కొన్నోన్ని "పర్మిట్ ఉందా" అని ఆ షాపుల్నే అడగమనండి.

ఇంకో మాట, కోపం రావొద్దు. 2025ల వైన్స్ దరఖాస్తుకే 3 లక్షలు, లాటరీల రాకపోతే వాపస్ లేదు. అంత పెట్టి తెచ్చుకున్న షాపు సరుకే మా ఊరి కిరాణం దుకాణం ఫ్రిజ్‌ల ఎమ్మార్పీ మీద ఇరవై ముప్పై ఎక్కువకు దొరుకుతది, ఏ లైసెన్సు లేదు, బెల్టు షాపు అంటే చిన్నపిల్లగాడు కూడా తీస్కపోయి చూపిస్తడు. జీపు ఆ దుకాణం ముంగటి నుంచే మా హాల్‌కు వచ్చింది సార్.

వచ్చే నెల మా చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్ ఉంది. ఈసారి హాల్ల చుక్క పోయం, ఒట్టు. కానీ రాత్రి మా ఇంటి డాబా మీద బామ్మర్దులు పది మంది కూర్చుంటరు, నేను ఎంత వద్దన్నా కూర్చుంటరు. దానికి పర్మిట్ కావాల్నా వద్దా అని ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులు చెప్పిండ్రు. ఏదో ఒకటి మీ ఆఫీసు నుంచి కాగితం మీద రాసి ఇప్పించండి, లామినేషన్ చేయించి డాబా మెట్ల కాడ అంటిస్త.

ఇట్లు,
బిల్లు ఇంకా జేబుల పెట్టుకొని తిరుగుతున్న ఒక బామ్మర్ది