చెరువు పటం మళ్లీ అలాగే రావాలి

తార్నాక, హైదరాబాద్

నాన్నా,

ఉపగ్రహ చిత్రాల్లో చెరువుల నీటిని గుర్తించే నీ మోడల్ ఫలితం నీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, నీ స్నేహితుడి దగ్గర మరోలా వచ్చిందని చెబుతూ, "కొంచెమే తేడా, పర్వాలేదులే అమ్మా" అన్నావు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఈ నగరంలో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, కాస్త జరిగితే ఎన్ని ఇళ్లకు ముప్పు వస్తుందో నీకు తెలుసు. నీ పటం ఆ గీతను నిర్ణయించదు, నిజమే. కానీ రేపు ఎవరైనా దాన్ని ముందు పెట్టుకుని వాదిస్తే, అదే పటాన్ని మళ్లీ తీసి చూపించగలగాలి.

అన్నిటికన్నా ముందు డేటా చూడు. యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాల ప్రాసెసింగ్ 2022 జనవరి 25న మారింది. అప్పటి నుంచి పిక్సెల్ విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకుండా పాత, కొత్త చిత్రాలను కలిపేస్తే, దుర్గం చెరువులో నీరు ఎప్పటిలాగే ఉన్నా మోడల్‌కు మారినట్టే కనిపిస్తుంది. పాత చిత్రాలను కూడా తర్వాత మళ్లీ ప్రాసెస్ చేశారు. అందువల్ల "2019 నాటి చిత్రం" అని రాసుకుంటే చాలదు. ఫైలు పూర్తి పేరు, హ్యాష్ (ఫైలులో ఏది మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) రెండూ దాచిపెట్టు. డేటా వెర్షన్లను గుర్తుపెట్టుకునే డీవీసీ అనే సాధనం వాడితే బరువైన చిత్రాలు వేరే చోట ఉంటాయి, వాటి హ్యాష్‌లు కోడ్ మార్పులను దాచే గిట్‌లో కోడ్ పక్కనే ఉంటాయి. ఏది మారితే దాని మీద ఆధారపడిన దశలనే డీవీసీ మళ్లీ నడుపుతుంది.

మోడల్‌కు నేర్పే (ట్రైనింగ్), దాన్ని పరీక్షించే (టెస్ట్) డేటా విభజన పిక్సెళ్ల వారీగా చేయకు, చెరువుల వారీగా చెయ్యి. ఒకే చెరువు ముక్కలు రెండు వైపులా ఉంటే మోడల్ చూసిన నీటినే మళ్లీ గుర్తుపట్టి గొప్ప మార్కులు తెచ్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. ఏ చెరువు ఎటు వెళ్లిందో ఆ జాబితాను కూడా గిట్‌లో పెట్టు.

యాదృచ్ఛిక సంఖ్యలు ప్రతిసారీ ఒకేలా వచ్చేందుకు సీడ్ (మొదటి సంఖ్య) పెట్టానన్నావు. పైథాన్‌కు, దాని లైబ్రరీలైన నంపైకి, పైటార్చ్‌కు విడివిడిగా పెట్టావా? పెట్టినా జీపీయూ (లెక్కలను సమాంతరంగా చేసే గ్రాఫిక్స్ చిప్) మీద కూడికల వరుస మారితే చివరి అంకెలు మారతాయి. పైటార్చ్‌లో ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చేలా చేసే డిటర్మినిస్టిక్ అమరిక ఉంది, కాస్త నెమ్మదిస్తుంది, అయినా వాడు. యంత్రం మారితే అదీ పూర్తి భరోసా ఇవ్వదు. కాబట్టి కొన్ని సీడ్‌లతో నడిపి, ఫలితం ఎంత మేర ఊగుతుందో రిపోర్టులో రాయి.

లైబ్రరీల వెర్షన్లన్నీ లాక్ ఫైలులో (కచ్చితమైన వెర్షన్ల జాబితాలో) బిగించు. సైకిట్‌లెర్న్ అనే లైబ్రరీ 0.22 వెర్షన్‌లో, ఎన్నో నిర్ణయ చెట్లను కలిపి వాడే ర్యాండమ్ ఫారెస్ట్ మోడల్‌కు మనం చెప్పకపోతే తీసుకునే చెట్ల సంఖ్య 10 నుంచి 100కు పెరిగింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఫలితం మారిపోతుంది.

ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు నా కంప్యూటర్‌లో నీ కోడ్, డేటా కొత్తగా దింపుకుని, ఒకే ఆదేశంతో మొదటి నుంచి చివరి వరకు నడిపి చూపించు. ఎక్కడైనా ఆగితే ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అమ్మ