గర్భిణి బీపీకి తప్పంతా ఆమెదేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

గర్భిణుల్లో బీపీ గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఉప్పు తగ్గించండి, టెన్షన్ పడకండి, విశ్రాంతి తీసుకోండి అని చెప్పి ముగించారు. ఆసనం వేస్తున్న గర్భిణి ఫొటో మాత్రం బాగుంది. ఇలాంటివి చదివాక ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "చెబితే వినలేదు, చేజేతులా తెచ్చుకుంది." ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పితో కళ్లు మసకబారుతున్న మనిషి ఆ నింద కూడా మోయాలి.

నిజానికి గర్భిణుల్లో బీపీ పెరిగి కిడ్నీల వంటి అవయవాలను దెబ్బతీసే ఈ జబ్బు, అంటే ప్రీఎక్లాంప్సియా, రాకుండా ఉండేందుకు ఉప్పు తగ్గించమనడాన్ని, ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండమనడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే వద్దంది. ఈ జబ్బుకు మూలం చాలావరకు మాయలో (ప్లాసెంటాలో) ఉంది. మాయ తల్లి కడుపులో పెరిగినా బిడ్డకు చెందినదే. దాని జన్యువుల్లో సగం తండ్రివి. పిండమే లేకుండా మాయ ఒక్కటే బుడగల్లా పెరిగే ముత్యాల గర్భంలోనూ ఈ జబ్బు వస్తుందంటే ఇక ఆలోచించండి.

జబ్బుపడిన గర్భిణుల మాయలో ఎఫ్‌ఎల్‌టీ1 అనే జన్యువు అతిగా పనిచేస్తోందని 2003లో వైద్య పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం చూపించింది. దానివల్ల ఒక ప్రొటీన్ తల్లి రక్తంలోకి విపరీతంగా చేరి, రక్తనాళాలకు అవసరమైన పదార్థాలను పట్టేసుకుంటుంది. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ 140/90 దాటుతుంది, కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది. బిడ్డ జన్యువుల్లో ఎఫ్‌ఎల్‌టీ1 దగ్గర ఉండే తేడాలకూ ఈ ముప్పుకూ సంబంధం ఉన్నట్టు 2017లో తేలింది. అంతకుముందే 1998లో నార్వే పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు: ఒక స్త్రీ గర్భంలో ఈ జబ్బుకు కారణమైన మగవాడు మరో స్త్రీతో బిడ్డను కంటే, ఆమెకూ ముప్పు దాదాపు రెట్టింపు.

తల్లికి ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నా, కడుపులో కవలలున్నా ముప్పు ఎక్కువే, కాదనను. కానీ అమ్మకు వచ్చిందా, అక్కకు వచ్చిందా అని ఆరా తీసేవాళ్లే గానీ, "మీ ఆయన్ని మోసినప్పుడు మీ అత్తగారికి బీపీ వచ్చిందా?" అని అడిగినవాళ్లను నేను చూడలేదు. ఇలాంటి కాన్పులో పుట్టిన మగవాళ్ల భార్యలకు ఈ ముప్పు ఎక్కువని 2001లోనే తెలిసింది. గర్భిణి కార్డులో ఆ గడి కూడా పెట్టాలని ఆరోగ్య శాఖ వారిని కోరుతున్నాను.

మూడో నెలలోనే ఇది డాక్టర్‌కు తెలిస్తే ఉపయోగం ఉంది. ముప్పు ఎక్కువున్నవారికి 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో ఒక పెద్ద ప్రయోగం తేల్చింది. డాక్టర్ రాసిస్తేనే వాడాల్సిన మాత్ర అది. వచ్చే వారం అదే పేజీలో ఈ సంగతులకు కాస్త చోటివ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు