రిస్టోర్ నొక్కింది మేమే

నమస్కారమండీ. మన షాపులో పాత ఐపాడ్లు, ఎంపీ3 ప్లేయర్లు బాగుచేయించుకునే వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. మామూలుగా అయితే ఏ స్పేర్లు వచ్చాయో, ఏవి రాలేదో నాలుగు ముక్కలు పెట్టి ఊరుకునేవాణ్ని. ఈసారి సంగతి వేరు. పోయిన నెల మా చేతుల్లో ఒకాయన ప్లేయర్ ఖాళీ అయిపోయింది. ఆ నోటా ఈ నోటా పడి మీదాకా వచ్చేలోపు నేనే చెప్పడం మర్యాద.

ఆయన తెనాలి వైపు నుంచి బస్సెక్కి విజయవాడ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. జేబురుమాల్లో చుట్టి తెచ్చింది తెల్ల ఐపాడ్, 30 జీబీ, 2005లో మొదటిసారి వీడియోతో వచ్చిన రకం. అబ్బాయి అమెరికాలో కొన్నాళ్లు వాడి, ఓ సెలవులకి వచ్చినప్పుడు నాన్నకి ఇచ్చి వెళ్లాడట. ఇలాంటివి మన దగ్గరికి చాలానే వస్తాయి. కొడుకో అల్లుడో తెచ్చినవి, బీరువాలో పట్టుచీరల కింద పదేళ్లు పడుకున్నవి. స్లిప్పు మీద నేను రాసుకున్నది రెండే మాటలు: ఆన్ కావట్లేదు, కంప్యూటర్‌కి ఎక్కట్లేదు. లోపల ఏముందండీ అని అడగలేదు. అక్కడే మొదలైంది తప్పు.

ఆన్ కాకపోవడానికి కారణం బ్యాటరీ. అది పది నిమిషాల్లో తేలింది. ఈ మోడల్‌కి ముందు భాగం ప్లాస్టిక్, వెనక మెరిసే స్టీలు మూత. పక్కన సందులో పల్చటి ప్లాస్టిక్ పుల్ల దూర్చి, క్లిప్పులు ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని వదులుతుంటే ఓపిగ్గా చుట్టూ తిప్పుకు రావాలి. వదిలాయి కదా అని రెండు భాగాలనూ ఒక్క లాగు లాగితే గోవిందా. బ్యాటరీ వెనక మూతకి అంటుకుని ఉంటుంది, దాని రిబ్బన్ వచ్చి ఇవతల బోర్డులో దిగుతుంది. బియ్యపుగింజంత లాచ్ పైకి లేపితే తప్ప ఆ రిబ్బన్ రాదు. హెడ్‌ఫోన్ జాక్‌దీ, హోల్డ్ బటన్‌దీ ఇంకో రిబ్బన్. ఇంట్లో చాకుతో విప్పి తెచ్చిన వాటిలో ఈ రెండింట్లో ఒకటి చిరిగే ఉంటుంది. ఇది మాత్రం చక్కగా విడిపోయింది. పాత బ్యాటరీ కాస్త ఉబ్బి ఉంది. కొత్తది వేశాం, యాపిల్ గుర్తు వచ్చింది, మెనూ వచ్చింది, హార్డ్ డిస్క్ గిర్రున తిరిగిన చప్పుడు వినిపించింది. అక్కడితో ఆపి ఇచ్చేసి ఉంటే ఈ ఉత్తరమే లేదు.

స్లిప్పు మీద రెండో మాట ఉంది కదా, కంప్యూటర్‌కి ఎక్కట్లేదని. మా కుర్రాడు బల్ల మీదున్న విండోస్ కంప్యూటర్‌కి తగిలించాడు. ఈ ఐపాడ్‌లో ఉన్నది చదవలేకపోతున్నాను, రిస్టోర్ చేసుకోండి అని ఐట్యూన్స్, అంటే ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే యాపిల్ ప్రోగ్రామ్, అడిగింది. వాడు నొక్కాడు. నొక్కింది వాడే కానీ, అడిగితే నొక్కేయరా అని రెండేళ్లుగా నేర్పింది నేను. నిమిషం కూడా పట్టలేదు. కొత్తగా కొన్నదానిలా భాష ఎంచుకోమంటూ స్క్రీన్ వెలిగింది. వాడు సంతోషంగా పిలిచాడు కూడా, అన్నా ఎక్కింది అని.

నిజానికి ఆ ఐపాడ్‌కి కనెక్షన్ రోగమే లేదు. ఆ అబ్బాయి అమెరికాలో వాడింది మ్యాక్, అంటే యాపిల్ కంప్యూటర్. మ్యాక్‌కి తగిలించి మొదలుపెట్టిన ఐపాడ్ డిస్క్ మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ అవుతుంది, దాన్ని విండోస్ చదవలేదు. విండోస్‌లో మొదలుపెట్టింది ఎఫ్‌ఏటీ32 అనే పద్ధతిలో ఉంటుంది, దాన్ని రెండూ చదువుతాయి. పెద్దాయన ఇంట్లోనూ విండోసే, మా దగ్గరా విండోసే. రెండు చోట్లా వచ్చింది ఒకటే మాట, దాన్ని మేం జబ్బు అనుకున్నాం. మ్యాక్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పెట్టి ఉంటే హాయిగా తెరుచుకునేది.

సాయంత్రం ఆయన వచ్చి చూసుకుని, ఏం మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. అందులో ఉన్నవి సినిమా పాటలు కావు. వాళ్ల పెదనాన్నగారు హరిదాసు. చుట్టుపక్కల ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లలో చెప్పిన హరికథలు 38 క్యాసెట్లు ఇంట్లో ఉండేవి. అబ్బాయి ఒక వేసవి అంతా కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. క్యాసెట్లకి తర్వాత బూజు పట్టి పారేశారు. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పోయింది. మిగిలింది ఈ ఐపాడ్ ఒక్కటే.

ఆ రాత్రి షట్టర్ సగం దించి కూర్చున్నాను. రిస్టోర్ అంటే డిస్క్ అంతా తుడిచేయడం కాదు. మొదట్లో కొత్త విభాగాలు, కొత్త పట్టిక రాసి, మిగతాదంతా ఖాళీ అని కంప్యూటర్‌కి చెప్పడం. ఇంట్లో సామానంతా అలాగే ఉండి, గదుల నంబర్లు మాత్రం చెరిపేసినట్టు. దాని మీద కొత్త పాటలు ఎక్కించనంతవరకు ఆశ ఉంటుంది. ముందు డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి కాపీ తీశాను, అరగంట పైనే పట్టింది. ఆ కాపీ మీద ఫోటోరెక్ నడిపాను. ఉచితంగా దొరికే ప్రోగ్రామే. పట్టికతో సంబంధం లేకుండా డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా తడుముతూ, ఇది ఫలానా రకం ఫైల్ అని ఆనవాలు పట్టి బయటికి తీస్తుంది. ఫోటోల కోసం పుట్టినా పాటలనూ పడుతుంది.

క్యాసెట్‌కి రెండు వైపులు, వైపుకో ఫైల్. తెల్లారేసరికి ఆ 76లో 69 నిండుగా వచ్చాయి. నాలుగు మధ్యలో తెగిపోయాయి. మూడు రానే లేదు. కొత్త పట్టిక రాసిన చోట ఉన్నాయేమో, ఏమైనా మా వల్ల పోయినవే.

వచ్చిన వాటికి పేర్లు లేవు. ఐపాడ్ పాటలను దాచుకునే తీరే అంత. లోపల ఒక దాచిన ఫోల్డర్ ఉంటుంది, అందులో ఎఫ్00, ఎఫ్01 అంటూ గదులు, వాటిలో అర్థంలేని నాలుగక్షరాల పేర్లతో ఫైళ్లు. మనకి స్క్రీన్ మీద కనిపించే పేర్లన్నీ ఒక విడి జాబితాలో ఉంటాయి. ఎంపీ3 అయితే పాట పేరు ఫైల్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఈ అబ్బాయి నాణ్యత పోకూడదని కుదించని వేవ్ ఫైళ్లుగా ఎక్కించాడు. నిమిషానికి పది ఎంబీ, ఒక గంట క్యాసెట్‌కి ఆరు వందల ఎంబీ. 38 క్యాసెట్లూ ఆ 30 జీబీలో పట్టాయి. కానీ ఐట్యూన్స్ వేవ్ ఫైల్‌లో పేరు రాయదు, పేర్లన్నీ ఆ జాబితాలోనే పెట్టుకుంటుంది. జాబితాతో పాటే పేర్లూ పోయాయి. ఒక ఫైల్ తెరిచి విన్నాను. మైకు కూత, చిడతల చప్పుడు, గజ్జెలు, ఎక్కడో ఎవరిదో దగ్గు. ఏ కథో నాకు తెలిస్తే కదా.

ఇక మన షాపులో మారినవి. ఏ ప్లేయర్ వచ్చినా లోపల ఏముంది, దానికి ఇంకో కాపీ ఉందా అని అడిగి స్లిప్పు మీద రాస్తాం. కాపీ లేదంటే కింద పిన్ను మీద పసుపు టేపు వేస్తాం. డిస్క్ మొత్తం నకలు తీశాకే ఆ టేపు తీసేది. మీతో ఫోన్లో మాట్లాడకుండా రిస్టోర్, ఫార్మాట్ నొక్కం. బల్ల మీద ఒక పాత మ్యాక్ కూడా పెట్టాను, సెకండ్‌హ్యాండ్‌ది. దానికైన డబ్బు గురించి మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ఇంకో విషయం, ఇదీ చేదే. పాత రశీదులు తిరగేస్తుంటే తేలింది. ఆన్ కావట్లేదని వచ్చిన వాటిలో చాలావాటికి మేం చేసింది ఏమీ లేదు. ఛార్జింగ్ పెట్టాం, హోల్డ్ తీశాం, అంతే. చూసినందుకు 250 రూపాయలు మాత్రం తీసుకున్నాం. ఇకమీదట అలాంటి వాటికి తీసుకోం. మీరు కూడా పార్సిల్ కట్టేముందు ఇంట్లో ఇవి చేసి చూడండి.

పైన హోల్డ్ మీట జరిపి ఉంటే నారింజ రంగు గీత కనిపిస్తుంది. అది ఉన్నంతసేపు ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇది కూడా చూసుకోమా అంటారా, నేనే రెండుసార్లు మోసపోయాను. తర్వాత ఛార్జింగ్. ఏళ్లు పక్కన పడేసిన బ్యాటరీ బాగా అడుక్కి దిగిపోయి ఉంటుంది, తగిలించగానే గుర్తు రాదు. అరగంట దాకా స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. కంప్యూటర్ ముందువైపు యూఎస్‌బీకో, కీబోర్డుకో పెట్టి పది నిమిషాలు చూసి చచ్చిపోయిందనుకోవద్దు. గోడ ఛార్జర్‌కి పెట్టి మీరు మెలకువగా, దగ్గర్లో ఉన్నప్పుడే మూడు నాలుగు గంటలు ఉంచండి. వెనక మూత ఉబ్బినట్టు, సందు విడిచినట్టు కనిపిస్తే మాత్రం అసలు ఛార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బిన బ్యాటరీ నొక్కితే, గుచ్చుకుంటే అంటుకుంటుంది. కొరియర్‌లో కూడా వేయకండి, వీలైతే మనిషి చేత పంపండి.

ఛార్జ్ ఎక్కినా లేవకపోతే, హోల్డ్ ఒకసారి వేసి తీసి, మెనూనీ మధ్య బటన్‌నీ కలిపి యాపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కి పట్టుకోండి, ఎనిమిది సెకన్లు పట్టొచ్చు. దీనివల్ల పాటలు పోవు. చక్రం మీదే బటన్లున్న ఐపాడ్లన్నిటికీ ఇదే. బటన్లు నాలుగూ ఒకే వరసలో ఉన్న 2003 నాటి మోడల్‌కైతే మెనూ, ప్లే కలిపి నొక్కాలి. చక్రం మీదే బటన్లున్న వాటిలో గుర్తు కనిపించగానే చేతులు మార్చి మధ్య బటన్, ప్లే కలిపి పడితే డిస్క్ మోడ్‌లోకి, అంటే కంప్యూటర్‌కి మామూలు డ్రైవ్‌లా కనబడే స్థితిలోకి వెళుతుంది. అక్కడిదాకా వచ్చిందంటే చాలావరకు డిస్క్ బతికే ఉన్నట్టు. ఏడుపు ముఖం బొమ్మ వచ్చి లోపల టక్కు టక్కుమని చప్పుడైతే అక్కడే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ తీయగలిగినవి కూడా చేజారతాయి.

కంప్యూటర్‌కి ఎక్కకపోతే మొదట కేబుల్ మార్చండి. వెడల్పు పిన్ను సందులో జేబు నూలు, దుమ్ము పేరుకుంటాయి, పొడి బ్రష్‌తో దులపండి. మామూలు చైనా ప్లేయర్లతో వచ్చే చిన్న పిన్ను కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అవి వెలుగుతాయి, ఎక్కవు. విండోస్‌లో టంగ్ మని చప్పుడు వచ్చినా డ్రైవ్ కనబడకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి చూడండి, ఒక్కోసారి దాని అక్షరం (డీ, ఈ లాంటిది) ఇంకోదానితో తగువు పడుతుంది. అక్షరం మార్చితే చాలు. అదే చోట ఫార్మాట్ అనే మాట కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఐపాడ్ ఆన్ అవుతుంటే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరవండి. విండోస్‌దైతే ఫార్మాట్ విండోస్ అని రాసి ఉంటుంది. ఆ మాట కనబడకపోతే మ్యాక్‌దే అనుకుని ఆ వైపు వెతకండి.

బ్యాటరీల సంగతి కూడా చెప్పేస్తాను. వేసవిలో వచ్చిన ఒక లాట్ మంచిది కాదు. పైన రాసిన ఎంఏహెచ్ అంకెకీ లోపలి సత్తాకీ పొంతన లేదు, అంత సన్నటి సంచిలో అంత పట్టదని నాకు ముందే తట్టాల్సింది. పదకొండు వెనక్కి వచ్చాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వేయించుకున్న వాళ్లు రశీదు లేకపోయినా రండి, ఊరికే మార్చి ఇస్తాం. డిస్క్ తీసి మెమరీ కార్డు వేయించుకోవాలనుకునే వాళ్లకి అడాప్టర్లు ఇంకా రాలేదు.

పెద్దాయన దగ్గర డబ్బు తీసుకోలేదు. తీసుకోమని ఆయనే గొడవపడ్డారు. 69 ఫైళ్లూ, తెగిన నాలుగూ ఐపాడ్‌లోకి ఎక్కించి, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేరే కాపీలు ఇచ్చాం. ఒకటి నుంచి 73 దాకా అంకెలే పేర్లు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన రెండు మూడు విని, ఏ కథో, ఏ ఊరి పందిరో కాగితం మీద రాసి, మనవరాలి చేత వాట్సాప్‌లో ఫోటో పంపిస్తున్నారు. మా కుర్రాడు షాపు కట్టేముందు కూర్చుని ఆ పేర్లు ఎక్కిస్తున్నాడు. నిన్నటికి 41 అయ్యాయి. పదిహేడో నంబర్‌లో దగ్గింది తనేనని పెద్దాయన రాశారు.