ఆవు కనబడని ‘బ్యూకాలిక్’

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఫాం ప్లాట్ల ప్రకటన ఒకటి వచ్చింది, ‘బ్యూకాలిక్ లైఫ్’ అని ఇంత లావు అక్షరాలతో. మనవరాలు అర్థం అడిగితే ‘పల్లెటూళ్లో హాయిగా బతకడంలే’ అనేశాను. తప్పేం కాదు, నిఘంటువుల్లోనూ ఇప్పుడదే ఉంటుంది. కానీ ఆ మాట పుట్టుక చూస్తే పేడ వాసన వస్తుంది.

గ్రీకులో బూకొలోస్ అంటే పశువుల కాపరి. ‘బూస్’ అంటే ఎద్దో ఆవో, మన ‘గో’ శబ్దానికి దాయాది. ‘కొలోస్’ అంటే మేపేవాడు, దీనికీ సంస్కృతంలోని ‘చర’కీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చదివినవాళ్లు చెప్తారు. ముక్కకి ముక్క పెట్టి చూస్తే అది మన ‘గోచరం’! ఆవులు తిరిగి మేసే చోటుకి ఉన్న ఆ పేరే పోనుపోను చూపు తిరిగే మేరకీ, కంటికి కనబడేదానికీ వచ్చింది. రోజూ ‘గోచరించింది’ అని రాస్తారే, అందులో ఆవు ఉందని మీకెప్పుడైనా తట్టిందా? (నాకు ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాక తట్టింది లెండి.)

క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్‌కి చెందిన థియోక్రిటస్, కాపరుల పాటల పోటీలూ ప్రేమ గోలలూ పద్యాలు కట్టి ఈ మాటకి కవిత్వంలో చోటిచ్చాడు. తర్వాత రోమ్‌లో వర్జిల్ అదే బాట పట్టాడు గానీ, ఆయన కాపరుల పద్యాల్లో మొదటిదాంట్లోనే ఒకడు చెట్టు నీడన పడుకుని పిల్లనగ్రోవి ఊదుకుంటుంటే ఇంకొకడు పొలం పోగొట్టుకుని మేకల్ని తోలుకుంటూ ఊరు విడిచిపోతుంటాడు. క్రీ.పూ. 42లో రోమన్లు తమలో తామే కొట్టుకున్న ఫిలిప్పీ యుద్ధం అయ్యాక, సైనికులకు పంచడానికి రైతుల భూములు లాక్కున్న రోజులవి.

అదంతా గుర్తొచ్చి మీ ప్రకటన మళ్లీ తీశాను. క్లబ్ హౌస్, ఈత కొలను, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర సెక్యూరిటీ, అన్నీ ఉన్నాయి. ఊరి పశువులు పోయే దారి మాత్రం గోచరించలేదు. వెంచర్ పక్కన మేత పోరంబోకు ఉంటే అది మెల్లమెల్లగా కంచె లోపలికి పోవడం మా వైపు కొత్తేం కాదు. 2011 జనవరిలో, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీయించే పథకాలు తయారు చెయ్యమని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలీదు.

ప్రకటనలు వేసుకోండి, పేపరు నడవాలి కదా. కాకపోతే వేసేముందు ఆ సర్వే నంబర్ల పక్కన మేత భూమి ఏమన్నా ఉందేమో, మీ మండల విలేకరిని ఒకసారి తహశీల్దారు ఆఫీసులో కనుక్కోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు