నీ స్క్రిప్టులో ఆ చివరి రెండు పేజీలు

చి. స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, బాబాయి అందరం కులాసా.

నువ్వు పంపిన షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు చదివాను. లిఫ్టులో కరెంటు పోయాక పక్కమనిషి ఊపిరి ఒక్కటే వినిపించే సీను దగ్గర నాకు నిజంగానే భయమేసింది. భయపెట్టడం నీకు చేతనవును తల్లీ. అందుకే మిగతాదంతా వదిలేసి చివరి రెండు పేజీల గురించే రాస్తున్నాను.

పోలీసులు హంతకుడి గది సోదా చేస్తారు. సొరుగులో మాత్రల అట్టలు, మానసిక ఆస్పత్రి చీటీ దొరుకుతాయి. ఇన్‌స్పెక్టర్ ‘స్కిజోఫ్రీనియా’ అంటాడు. కథ అయిపోతుంది. అతను ఎందుకు చంపాడో మాత్రం నువ్వు చెప్పనేలేదు. జబ్బు పేరు చెప్పి ఊరుకున్నావు.

ఈ ముగింపు చాలా పాతది. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ చివర్లో ఒక డాక్టరు నిలబడి హంతకుడు నార్మన్ బేట్స్ మనసులో ఏం జరిగిందో వివరిస్తాడు. ఆ తర్వాత ఎన్నో థ్రిల్లర్లు అదే తోవ పట్టాయి. మన దగ్గర ‘అపరిచితుడు’, ‘చంద్రముఖి’ రెండూ 2005లోనే వచ్చాయి. రెండూ మనం టీవీలో కలిసి చూసినవే, నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ వాటిలో చూపించింది ఒకే మనిషిలో మరో మనిషి ఉండటం. స్కిజోఫ్రీనియా అది కాదు. ‘చంద్రముఖి’లో ఒక్క రాత్రి తంతుతో అంతా నయమైపోతుంది. మీ బాబాయి ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాడు.

బాబాయి గురించి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఇప్పుడు పూర్తిగా చెప్తాను. డిగ్రీలో ఉండగా మొదలైంది. చాలామందికి ఈ జబ్బు బయటపడేది ఆ వయసులోనే. ఎవరో ఇద్దరు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. ‘లేచాడు, చొక్కా వేసుకుంటున్నాడు, వీడికి సిగ్గు లేదు’ అని, పొద్దస్తమానం. టీవీలో వార్తలు చదివే ఆవిడ తనకే సైగ చేస్తోందనేవాడు. అన్నంలో ఏదో కలుపుతున్నారని నానమ్మ పెట్టిన కంచం తోసేసి, కొబ్బరికాయ తనే కొట్టుకుని తినేవాడు. దాన్లో ఎవరూ ఏమీ కలపలేరు కదా. రాత్రి గడియ వేసి, తలుపుకి బీరువా అడ్డం జరిపి, మూల కూర్చునేవాడు. నీ కథలో అపార్ట్‌మెంటు వాళ్లంతా అతనికి భయపడి తలుపులు వేసుకుంటారు. మా ఇంట్లో తలుపు వేసుకున్నది మీ బాబాయే.

వీధిలో వాళ్లు ‘చినవాల్తేరు పంపించండి’ అనేవారు, విశాఖలో మానసిక ఆస్పత్రి ఉన్నది అక్కడే. అదే హైదరాబాదులో అయితే ఎర్రగడ్డ అంటారు. ఆ మాట పడలేక నానమ్మ ముందు తాయెత్తులు కట్టించింది. గాలి సోకిందంటే ఊళ్లు తిప్పింది. ఆస్పత్రి గుమ్మం తొక్కేసరికి చాలా కాలం పోయింది. ఆ భయం ఆవిడకి ఎక్కడ నుంచి వచ్చిందో ఆలోచించు. అందులో సినిమాల వాటా కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మాత్రలతో గొంతులు తగ్గాయి. తర్వాత మిగిలింది మాత్రం సినిమాల్లో దాదాపు ఎవరూ చూపించరు. గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చోవడం, స్నానానికి లేవలేకపోవడం, ప్రాణంలా చూసుకున్న క్రికెట్ కూడా పట్టకపోవడం. బద్ధకమని అందరూ తిట్టేవారు, అదీ జబ్బులో భాగమేనని డాక్టరు చెప్పేదాకా. మాత్రలకి ఒళ్లు పెరిగింది, చేతులు వణికాయి. అవన్నీ దాటుకునే ఇవాళ జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. వీళ్లు ఎప్పుడూ ఎవరి జోలికీ పోరని అనను. మందులు ఆపేసి, తాగుడు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. కానీ ఎక్కువమంది ఎవరి మీదా చెయ్యెత్తరు, పైగా దెబ్బలు తినేది వీళ్లే.

నీకు హారరే కావాలంటే ఏర్వాడి గురించి చదువు. తమిళనాడులో దర్గా ఉన్న ఊరు. 2001 ఆగస్టు 6న అక్కడ మానసిక రోగులను ఉంచే షెడ్డు అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పరిగెత్తే వీల్లేక 28 మంది చనిపోయారు. ఇన్నేళ్లయినా ఆ వార్త నన్ను వదల్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ పెట్టడాన్నీ నిషేధించింది. నీ ఫ్లాష్‌బ్యాక్‌లో డాక్టరు చేసేది సరిగ్గా అదే. ఆ సీను తీసేయ్.

‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చూశావుగా. ఈ జబ్బుతో బతికిన గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ కథ అది. ఆయనకి వినిపించిన గొంతులను సినిమాలో కంటికి కనిపించే మనుషులుగా మార్చారు. అది సినిమా అవసరం, ఒప్పుకుంటాను. అందులో నాష్ కొత్త మందులు వాడుతున్నానంటాడు. అసలు నాష్ 1970 తర్వాత వాడలేదు. ప్రేక్షకుల్లో ఎవరైనా చూసి మందులు మానేస్తారేమోనన్న భయంతో రచయిత అలా రాశాడని నాష్ చెప్పారు. తెలియని ఒక ప్రేక్షకుడి కోసం అంత ఆలోచించి డైలాగు రాసిన ఆ రచయిత అంటే నాకు గౌరవం.

వీలైతే 1993లో వచ్చిన ‘క్లీన్, షేవెన్’ చూడు. లాడ్జ్ కెరిగన్ తీశాడు. అదీ థ్రిల్లరే, కానీ రేడియో గరగరలు, తెగిపోయే మాటలతో మనల్ని ఆ మనిషి తలలో కూర్చోబెడుతుంది. సౌండ్ మీద నీకు ఎలాగూ పట్టుంది.

నీ లిఫ్టు సీనునే తిప్పి చూడు. కెమెరా అతని వైపు ఉంచు. చీకట్లో పక్కవాళ్ల ఊపిరి వినిపిస్తోంది, దాంతోపాటు అక్కడ లేనివాళ్ల మాటలూ వినిపిస్తున్నాయి, ఏది నిజమో అతనికి తెలియడం లేదు. భయం ఒక్క చుక్క కూడా తగ్గదు, చూడు. హంతకుడు కావాలంటే ఇంకెవరినైనా పెట్టు, డబ్బు కోసమో పగతోనో చంపేవాణ్ని. అలాంటివాళ్లకు కొదవా?

నువ్వు సినిమా తీస్తున్నావని బాబాయికి తెలుసు. ‘గొంతుల గురించి ఏం కావాలన్నా అడగమను అన్నయ్యా’ అన్నాడు. స్క్రిప్టు మాత్రం నువ్వు ఒప్పుకుంటేనే చూపిస్తాను. పొద్దున షాపు తెరవక ముందు ఫోన్ చెయ్యి, రాత్రి మాత్ర పడ్డాక నిద్ర ముంచుకొస్తుంది వాడికి. కెమెరా అద్దెకి ఎంత కావాలో కూడా రాయి, వేస్తాను.

నాన్న